బెత్తము పట్టని గురువు: ఆగస్ట్ ఐక్‌హార్న్

మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను పిల్లల వీపులపై మనమెంతగా ప్రయోగించితిమో చెప్పనక్కరలేదు. ఒకప్పటి మన వీథిబడులలో కోదండము, గోడకుర్చీ చదువుతోపాటే నడచినవి. ఐరోపా బడులును ఈ విషయమున మనకు తీసిపోలేదు. అట్టి కాలమున, ఇక వంగరని లోకము వదలివేసిన బాలురను చేరదీసిన పంతులు ఆగస్ట్ ఐక్‌హార్న్.

ఆయన 1878 జూలై 27న వియన్నా నగరమున జన్మించినారు. ఆ నగరముననే బడిపంతులైనారు. 1907 ప్రాంతమున అక్కడ బాలుర కేంద్రములను సైనిక పద్ధతిలో నడుప బూనగా, తోడి ఉపాధ్యాయులను కూడగట్టి ప్రతిఘటించినారు. మరుసటి యేడు ఆ కేంద్రముల పర్యవేక్షణ ఆయనకే దక్కినది.

1918లో, యుద్ధము ముగిసి వియన్నా ఆకలితో అలమటించుచుండగా, ఓబర్‌హొల్లాబ్రున్ అనుచోట కాందిశీకులు విడిచిన పాకలలో దారితప్పిన బాలబాలికలకై ఒక గృహమును తెరచినారు. పిల్లలను స్వభావమును బట్టి చిన్న జట్లుగా విడదీయగా, ఏ జట్టునను ఇమడని పన్నిద్దరు బాలురు మిగిలినారు. కత్తులతో ఒకరిపై నొకరు లేచెడివారు. భోజనపు పళ్ళెములు విసరుకొనెడివారు. విచారింపగా అందరును దెబ్బల నడుమ, కలహముల నడుమ పెరిగినవారే. వారి కోపమునకు మూలము ప్రేమ దొరకకపోవుటయేనని ఐక్‌హార్న్ నిర్ణయించినారు. వారిని దండింపరాదనియు, ప్రాణాపాయమైనపుడు తప్ప అడ్డురారాదనియు సహాయకులకు ఆదేశించినారు.

ఫలితము మొదట భయంకరముగానే ఉండినది. బల్లలు విరిగినవి, కిటికీలు పగిలినవి, ఇరుగుపొరుగు మొరపెట్టుకొన్నారు. ఇంత సహనము ఎందరికి సాధ్యమన్న శంక నాకును కలుగకపోలేదు. కాని ఆయన తర్కము గట్టిది. దెబ్బలనే ఎదురుచూచు బాలుని కొట్టినచో, లోకము తనకు శత్రువన్న వాని నమ్మకమే రుజువగును. కొట్టనిచో ఆ నమ్మకమే కదలిపోవును. అట్లే జరిగినది. కొంతకాలమునకు వారి ఆగ్రహము ఉత్త నటనగా మారి, పిదప కన్నీరుగా కరిగి, క్రమముగా శాంతించినది.

అందరికిని ఇదే మందని ఆయన అనలేదు. గారాబముచే చెడినవాడు వేరు, దెబ్బలచే చెడినవాడు వేరు. దొంగతనము మరగిన ఒక యువకునికి పొగాకు పంపకపు సొమ్మును కావలెననియే అప్పగించినారు. వాడు కొంత అపహరించెనని తెలిసియు నిలదీయక, పుస్తకముల దుమ్ము దులుపుటకు తన గదికి పిలిచి, మాటలలో పెట్టి మెల్లగా ఆ లెక్కల వైపునకు మరల్చినారు. వాని కలవరము పట్టరానిదై నిజము బయటపడినపుడు శిక్షకు మారుగా లోటు సొమ్మును తామే చేతిలో పెట్టినారు. మందలింపు కోట్లసారులు విన్నవానికి ఈ ఘట్టము కొత్త. అక్కడినుండియే వానిలో మార్పు ఆరంభమైనది.

ఆ గృహము కొద్ది యేండ్లే నడచినది. 1922లో ఆయన మనోవిశ్లేషణ సంఘమున చేరినారు. 1925లో వెలువడిన ఆయన గ్రంథమునకు ఫ్రాయిడ్ పీఠిక వ్రాసినారు. ఫ్రాయిడ్ కుమార్తె ఆనా ఆయనతో వియన్నా పేటలు తిరిగి ఈ విద్య నేర్చినవారే.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమింపగా ఫ్రాయిడ్ కుటుంబము లండన్ చేరినది. ఐక్‌హార్న్ కుమారుని డాకౌ నిర్బంధ శిబిరమున బంధించినారు. తండ్రి వియన్నాను విడువలేదు. యుద్ధకాలమంతయు కొద్దిమంది శిష్యులకు గుట్టుగా పాఠములు చెప్పుచునే ఉండినారు. నాజీలు మూయించిన సంఘమును 1946లో తిరిగి తెరచి, 1949 అక్టోబరు 13న ఆ నగరముననే కన్నుమూసినారు.