మంత్రగత్తె కథ రాసిన విశ్వాసి: సి. ఎస్. లూయిస్

పిల్లల చేతిలోని పుస్తకం అట్ట మీద మంత్రగత్తె బొమ్మ కనబడితే విశ్వాసులైన తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. అది అర్థం లేని భయం కాదు. సోదె చెప్పడం, చిల్లంగితనం, కర్ణపిశాచిని అడగడం దేవునికి హేయమని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం తేల్చి చెప్పింది. ఎఫెసులో మాంత్రిక విద్య మానుకుని ప్రభువును నమ్మినవారు యాభై వేల వెండి రూకల విలువైన గ్రంథాలను అందరి ఎదుట కాల్చివేశారని అపొస్తలుల కార్యములు 19లో చదువుతాం. మరి మంత్రగత్తె, మంత్రపు ఉంగరాలు, మాట్లాడే జంతువులు ఉన్న ఏడు పుస్తకాలను పిల్లల కోసం రాసిన సి. ఎస్. లూయిస్‌ను ఏమనాలి? క్రైస్తవుల్లోనే కొందరు ఆయన నార్నియా కథలను పిల్లలకు ప్రేమగా చదివి వినిపిస్తారు, కొందరు గడప దాటనివ్వరు. తీర్పు చెప్పేముందు ఆ మనిషి బ్రతుకును ఒకసారి చూద్దాం.

లూయిస్ 1898 నవంబరు 29న ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. తండ్రి ఆల్బర్ట్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక పాదిరిగారి కుమార్తె. ఇంటి నిండా పుస్తకాలే. అన్న వారెన్‌తో కలిసి మాట్లాడే జంతువుల రాజ్యాన్ని ఊహించుకుని కథలు అల్లడం ఆ పిల్లవాడి ఆట. తొమ్మిదేళ్ళ వయసులో ఆ సంతోషానికి దెబ్బ తగిలింది. తల్లికి క్యాన్సర్ వచ్చింది. ఆమె బాగుపడుతుందని తనను తాను గట్టిగా నమ్మించుకుంటే చాలు, ప్రార్థన ఫలిస్తుందని అతడు అనుకున్నాడు. 1908 ఆగస్టులో ఆమె చనిపోయింది. చనిపోయిన తర్వాత కూడా ఏదో అద్భుతం జరుగుతుందని ఎదురుచూశాడు. కొన్ని వారాలకే తండ్రి అతణ్ణి ఇంగ్లండులోని బోర్డింగ్ స్కూలుకు పంపేశాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఆత్మకథలో లూయిస్ ఆ ప్రార్థనను నిర్మొహమాటంగా పరీక్షించుకున్నారు. తాను ఆ రోజు వెదికింది రక్షకుణ్ణి కాదు, న్యాయాధిపతిని కాదు, ఒక మాంత్రికుణ్ణి అని ఒప్పుకున్నారు. పిలవగానే రావాలి, అడిగిన పని చేయాలి, వెళ్ళిపోవాలి. అంతకుమించి ఆ దేవునితో అతనికి పని లేదు. ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. ప్రార్థన అనే పేరుతోనే మనిషి మంత్రం వేయగలడు.

పదమూడేళ్ళ ప్రాయంలో మరో ఉచ్చు ఎదురైంది. స్కూల్లో పిల్లలను కన్నతల్లిలా చూసుకునే మేట్రన్ ఒకామె థియోసఫీ, ఆత్మలతో మాట్లాడే విద్యలు వంటివాటిలో దారి వెతుక్కుంటూ ఉండేది. అతనికి హాని చేయాలని ఆమె అనుకోలేదు. కానీ ఆ మాటలు విన్న కుర్రవాడిలో కనిపించని శక్తుల మీద ఒక దాహం పుట్టింది. మెల్లగా విశ్వాసం జారిపోయింది, పూర్తి నాస్తికుడయ్యాడు. దాహం మాత్రం చాలాకాలం పోలేదు. 1923లో అలాంటి విద్యల్లో వేలు పెట్టిన ఒక పరిచయస్థుడికి మతి చలించింది. అతను నరకం కళ్ళముందు కనబడుతున్నట్టు కేకలు పెడుతుంటే, రెండు వారాలపాటు పట్టుకుని కాపాడినవారిలో లూయిస్ ఒకరు. ఆ భయం ఆయన్ని వదల్లేదు. క్షుద్రవిద్య అంటే ఏమిటో తెలియక మంత్రాల కథలు రాసిన మనిషి కాదాయన.

ఇంతకు ముందే మరొకటి జరిగింది. 1916లో, పదిహేడేళ్ళ వయసులో, ఒక రైల్వేస్టేషను పుస్తకాల బడ్డీలో జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన ‘ఫాంటాస్టిస్’ అనే పాత పుస్తకం కొన్నాడు. మెక్‌డొనాల్డ్ స్కాట్లండుకు చెందిన బోధకుడు. వేదిక పోగొట్టుకుని కథల్లోకి వచ్చినవాడు. ఆ యక్షలోకపు కథలో కుర్రవాడికి మునుపెరుగని ఒక పరిశుద్ధత తగిలింది. అతని తలలో ఉన్నది ఇంకా నాస్తికత్వమే. అయినా ఊహ మాత్రం ఆ రాత్రే బాప్తిస్మం పొందిందని తర్వాత ఆయన గుర్తుచేసుకున్నారు. అంటే ఊహ ఒక ద్వారం. దానిగుండా చీకటి రాగలదు, వెలుగూ రాగలదు. ఈయన జీవితంలో రెండూ వచ్చాయి.

తర్వాత యుద్ధం. పందొమ్మిదో పుట్టినరోజున ఫ్రాన్సులోని కందకాలకు చేరి, 1918 ఏప్రిల్‌లో గాయపడ్డారు. 1925లో ఆక్స్‌ఫర్డ్ మాగ్డలెన్ కాలేజీలో అధ్యాపకుడయ్యారు. అక్కడ కొన్నేళ్ళు దేవునితో పెనుగులాడి, ఓడిపోయి, మోకరించారు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి మిత్రులు టోల్కీన్, డైసన్ ఆయనతో చాలాసేపు నడుస్తూ మాట్లాడారు. చనిపోయి లేచే దేవుళ్ళ పురాణాలంటే కరిగిపోయే లూయిస్‌కు, క్రీస్తు కథ అలాంటిదే కానీ చరిత్రలో నిజంగా జరిగిందని వారు చూపించారు. కొద్ది రోజులకే, అన్న మోటారు సైకిలు పక్కబండిలో జంతు ప్రదర్శనశాలకు వెళ్తూ, యేసు దేవుని కుమారుడని ఆయన నమ్మారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బి.బి.సి. రేడియోలో విశ్వాసం గురించి ప్రసంగించి పేరు పొందారు. లండను నుండి తరలించిన పిల్లలు ఆయన ఇంట్లో తలదాచుకున్నారు. 1950లో ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’ వచ్చింది. 1956 వరకు ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు. ప్రాణమిత్రుడు టోల్కీన్‌కే అవి నచ్చలేదు.

ఆ కథల్లో మంత్రం ఎవరి చేతిలో ఉందో గమనించండి. మంత్రగత్తె చేతిలో అది అధికార దాహం. మిఠాయి ఎర చూపి ఎడ్మండ్ అనే పిల్లవాణ్ణి ద్రోహిని చేస్తుంది. అస్లాన్ అనే సింహం అతని బదులు తాను చనిపోయి తిరిగి లేస్తాడు. ఇంకో పుస్తకంలో లూసీ, స్నేహితురాలి మాటలు చాటుగా వినాలని మంత్రం చదివి, ఆ స్నేహాన్నే గాయపరచుకుంటుంది. మరోచోట గెలుపు కోసం చచ్చిన మంత్రగత్తెను పిలవబోయినవాడు నాశనమవుతాడు. మంత్రవిద్య నేర్పే కథలు కావివి. డబ్బిచ్చి పరిశుద్ధాత్మ శక్తిని కొనబోయిన సీమోను రోగాన్ని పిల్లల భాషలో చూపే కథలు.

1955లో వచ్చిన ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’లో డిగొరీ అనే పిల్లవాడి తల్లి మరణశయ్య మీద ఉంటుంది. బాగుచేసే పండు చేతికందుతుంది, దొంగిలించి తల్లికి పెట్టమని మంత్రగత్తె ఒత్తిడి చేస్తుంది. పిల్లవాడు ఏడుస్తూనే ఇచ్చిన మాటకు లోబడతాడు. దొంగిలించనిదాన్ని తర్వాత అస్లాన్ చేతినుండి వరంగా పొందుతాడు. తన చిన్ననాటి ప్రార్థనను పరీక్షించుకున్న ఆత్మకథ వచ్చిందీ ఆ ఏడాదే.

అదే ఏడాది అమెరికా నుండి ఒక తల్లి ఉత్తరం రాసింది. తన తొమ్మిదేళ్ళ కుమారుడు యేసుకంటే అస్లాన్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానేమో, ఇది విగ్రహారాధనేమో అని బెంగపడుతున్నాడట. లూయిస్ ఆ బెంగను తేలిగ్గా తీసుకోలేదు, కొద్ది రోజుల్లోనే జవాబిచ్చారు. అస్లాన్‌లో ఆ పిల్లవాడు ప్రేమించేవన్నీ యేసు నిజంగా చేసినవే గనుక ఆ ప్రేమ చేరేది యేసుకేనని ధైర్యం చెప్పారు. తన పుస్తకాలు ఏ పిల్లవాడికైనా హాని చేస్తున్నాయేమోనని తనకోసం కూడా ప్రార్థించమని కోరారు.

చివరి పరీక్ష ఇంట్లోకే వచ్చింది. జాయ్ డేవిడ్‌మన్‌ను క్యాన్సర్‌తో ఆసుపత్రి మంచం మీద ఉండగా 1957లో క్రైస్తవ పద్ధతిలో వివాహం చేసుకున్నారు. ఆమె కొంతకాలం కోలుకుని, 1960 జూలైలో మరణించింది. తొమ్మిదేళ్ళప్పటి దుఃఖమే మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన దేవునితో వాదించారు, మొరపెట్టారు, ఏడ్చారు, కానీ దేవుణ్ణి వదిలిపోలేదు. 1963 నవంబరు 22న ప్రభువు నిద్రలో ప్రవేశించారు.

ఆయన రాసిన ప్రతి మాటా సిద్ధాంతపరంగా ఒప్పుకోవాలని మేము అనడం లేదు. చివరి నార్నియా పుస్తకంలో వేరే దేవుణ్ణి కొలిచినవాణ్ణి అస్లాన్ చేర్చుకోవడం చాలామంది విశ్వాసులను నేటికీ కలవరపెడుతుంది. మంత్రం ఉన్న ప్రతి కథా మంచిదనీ అనడం లేదు. పిల్లవాడిలో ఆ విద్యల మీద దాహం పుట్టించే పుస్తకాన్ని పక్కన పెట్టించడం పెద్దల బాధ్యత. ఆ దాహం ఎలాంటిదో లూయిస్ జీవితమే సాక్ష్యం.

అయితే అట్ట చూసి తీర్పు చెప్పకండి. పిల్లల పక్కన కూర్చుని చదవండి. శక్తి సంపాదించి నచ్చినట్టు చేసుకోవడమే గెలుపని ఆ కథ నేర్పుతోందా, లేక లోబడటం, క్షమించడం, ఒకరి కోసం ప్రాణం పెట్టడం నేర్పుతోందా అని అడగండి. అదే ప్రశ్న మన కుటుంబ ప్రార్థనకూ వేసుకుందాం. పిల్లలు మన మోకాళ్ళ దగ్గర నేర్చుకుంటున్నది తండ్రిని ప్రేమించడమా, మాంత్రికుణ్ణి పిలవడమా?