స్ఫటికం నుంచి సైన్యం దాకా: ఆచార్య సూరి భగవంతం
ఆంధ్రదేశం నుంచి కలకత్తా వెళ్లే రైలు మన ఖరగ్‌పూర్ మీదుగా పోవాల్సిందే. రైల్వే కొలువు కోసం ఎందరో తెలుగువాళ్లు ఇక్కడే దిగిపోయారు. 1928లో సూరి భగవంతం అనే యువకుడు మాత్రం చదువు కోసం కలకత్తా చేరి, సి.వి.రామన్ గారికి శిష్యుడయ్యారు. 1909లో గుడివాడలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవారాయన.

చేతిలో ఉన్న పదార్థం ఏమిటో తేల్చడం ఎలా? పొడి మీద ఎక్స్-కిరణాలు పంపితే, పరమాణువుల అమరికను బట్టి కొన్ని కోణాల్లోనే బలంగా వెనుదిరుగుతాయి. ఆ కోణాలను తెలిసిన పదార్థాల పట్టికలతో పోల్చితే పేరు దొరికిపోతుంది. వేలిముద్ర లాంటిదన్నమాట. రామన్ ఫలితంలో వచ్చే గీతలూ అలాంటి ముద్రే. భగవంతం గారు వజ్రంలో ఆ గీతలను పరిశీలించారు. స్ఫటికం సౌష్ఠవం తెలిస్తే ఎన్ని గీతలు రావాలో ముందే లెక్కగట్టొచ్చని, వాల్తేరులో వెంకటరాయుడు గారితో కలిసి 1948లో గ్రంథమే రాశారు.

తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా పనిచేశారు. 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు. మరుసటి ఏడాదే చైనా యుద్ధం. పరాయివాడి సరుకు మీద ఆధారపడితే ఏమవుతుందో దేశానికి తెలిసొచ్చింది. ఆయన హయాంలోనే 1963లో హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనశాల వెలిసింది. 1969 దాకా ఆ బాధ్యత మోసి, 1989లో కన్నుమూశారు.

తుపాకీ గొట్టంలోని ఉక్కు ఏమిటో తేల్చనిదే జవాను దాన్ని నమ్మలేడు. మన హిజ్లీ ఐఐటీలో పదార్థ శాస్త్రం చదివే తెలుగు పిల్లలకు ఈ పెద్దాయన పేరు చెబుదాం.