యుద్ధం లెక్క అడిగిన తరిమెల నాగిరెడ్డి

అనంతపురం జిల్లాలో తరిమెల నాగిరెడ్డి పేరు వినని వారు అరుదు. ఆయన ఎన్నికల విజయాలు, అజ్ఞాతవాసం చాలామందికి తెలుసు. శాసనసభ్యుడు కాకముందే యుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకెళ్ళిన సంగతి మాత్రం నేటి తరానికి అంతగా తెలియదు.

శింగనమల ప్రాంతంలోని తరిమెలలో 1917 ఫిబ్రవరి 11న భూస్వామి కుటుంబంలో ఆయన జన్మించారు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలా కళాశాలలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో చట్టసభలను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించారు. నిరసనగా అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరు పాలన వచ్చింది. సభలో మాట్లాడే వీలు లేని కాంగ్రెసు శాసనసభ్యులు 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి దిగారు. చోటు, వేళ అధికారులకు ముందే తెలిపి, యుద్ధానికి మనిషినిగాని డబ్బునుగాని ఇవ్వరాదని వీధుల్లో చాటి అరెస్టయ్యారు.

నాగిరెడ్డి మరో దారి పట్టారు. అదే ఏడాది, 23 ఏళ్ళ వయసులో, యుద్ధం తెచ్చే ఆర్థిక ఫలితాలపై చిన్న పుస్తకం రాశారు. వానను నమ్ముకొని బతికే ఈ సీమలో గింజలు, గుడ్డ, కిరసనాయిలు ధరలు పెరిగితే మెట్టరైతుకే మొదటి దెబ్బ. ఆ పుస్తకానికి ప్రభుత్వం జైలుశిక్షతో జవాబిచ్చింది.

1941 జూన్‌లో హిట్లరు సోవియట్ రష్యాపై దాడి చేశాక కమ్యూనిస్టు పార్టీ వైఖరి మారింది. అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధమని సమర్థించింది. 1942లో పార్టీపై నిషేధం తొలగింది. నిన్న కాదన్న యుద్ధాన్ని నేడెలా ఔనన్నారన్న ప్రశ్న ఆ పార్టీని చాలాకాలం వెంటాడింది.

1952లో నాగిరెడ్డి స్వయానా బావ అయిన నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్ళారు. 1957లో లోక్‌సభకు, 1962, 1967లలో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. సభలో ఎంత మాట్లాడినా పేదల బతుకు మారదని తలచి 1969 మార్చిలో రాజీనామా చేశారు. తర్వాత కుట్రకేసులో కోర్టుకిచ్చిన ప్రకటన ‘తాకట్టులో భారతదేశం’గా వెలువడింది. 1976 జూలై 28న, అజ్ఞాతవాసంలో ఉండగానే కన్నుమూశారు.

ఆయన చివరికి ఎంచుకున్న మార్గాన్ని ఒప్పుకోనివారు జిల్లాలో చాలామందే ఉన్నారు. కాని యుద్ధమంటే జెండాలు, బాకాలే కాదని, దాని ఖర్చు ఏ ఇంటిపై పడుతుందో ముందే లెక్క చూడాలని ఆయన 1940లోనే చెప్పారు. యుద్ధంపై చర్చ జరిగే ప్రతి సభలోనూ ఆ లెక్క అడిగేవారు ఒక్కరైనా ఉండాలి.