పచ్చకొండ ఉస్తాద్ ఉమర్ ముఖ్తార్

వాన కోసం ఆకాశం వైపు చూడడం అనంతపురం వాసులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో కురిసి, మన దాకా వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాదికి మనకు దక్కేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే. అందుకే మనది కరువు సీమ. ఉత్తర ఆఫ్రికాలోని లిబియాలో దాదాపు ఇంతే వాన పడే కొండసీమ ఒకటుంది. దాన్ని అక్కడివారు జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ అంటారు. చుట్టూ ఉన్న ఎడారిని చూసినవారికి అది పచ్చదనమే మరి! ఆ కొండను నమ్ముకుని ఒక సామ్రాజ్యాన్ని ఎదిరించిన ఖుర్ఆన్ ఉపాధ్యాయుడు ఉమర్ ముఖ్తార్ (రహ్మతుల్లాహి అలైహ్).

లిబియా వైశాల్యం సుమారు 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశంలో సగానికి పైనే. అయినా ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన సహారా ఎడారి. పడమట తరాబులుస్, తూర్పున బర్ఖా, దక్షిణాన ఫజ్జాన్ అనే మూడు ప్రాంతాలు కలిసిందే ఆ దేశం. 16వ శతాబ్దం నుంచి అది ఉస్మానియా ఖిలాఫత్ నీడన ఉండేది. బర్ఖాలో ప్రజల జీవితం సనూసీ తరీఖా జావియాల చుట్టూ అల్లుకుని ఉండేది. జావియా అంటే మసీదు, మద్రసా, ముసాఫిర్ ఖానా, తగవులు తీర్చే చోటు, అన్నీ ఒక్కటే.

1858 ప్రాంతంలో బర్ఖాలోని ఒక సామాన్య కుటుంబంలో ఉమర్ ముఖ్తార్ పుట్టారు. హజ్ యాత్రకు వెళ్తూ తండ్రి దారిలోనే కన్నుమూశారు. అనాథ అయిన బాలుణ్ణి సనూసీ పెద్దలు చేరదీసి చదివించారు. జగ్బూబ్ మద్రసాలో ఎనిమిదేళ్లు చదువుకుని, తర్వాత పచ్చకొండలోని అల్ ఖుసూర్ జావియాకు షేఖ్ అయ్యారు. పిల్లలకు ఖుర్ఆన్ చెప్పడం, తెగల మధ్య తగవులు తీర్చడం ఆయన పని. ఫ్రెంచివారు చాద్ మీదికి వచ్చినప్పుడు అక్కడికి వెళ్లి పోరాడారు కూడా.

1911లో ఇటలీ లిబియా మీద దండెత్తింది. మరుసటి ఏడాది తురుష్కులు సంధి చేసుకుని వెళ్లిపోయారు. ఆ యుద్ధంలో గాజీలకు నీళ్లు తాగిస్తూ షహీదైన ఫాతిమా బింత్ అబ్దుల్లా అనే బాలిక మీద అల్లామా ఇఖ్బాల్ రాసిన కవిత ఉర్దూ చదివే ఇళ్లలో తెలియనిది కాదు. మేము మద్రసాలో చదివే రోజుల్లో తరాబులుస్ పేరు మొదట విన్నది ఆ కవితలోనే.

1922లో ముస్సోలినీ అధికారానికి వచ్చాడు. సనూసీ అధినేత ఇద్రీస్ ఈజిప్టుకు తరలివెళ్లారు. పోరాట భారం అరవై దాటిన ఉమర్ ముఖ్తార్ మీద పడింది. ఆయన దగ్గర విమానాలు లేవు, ఫిరంగులు లేవు. కొండలోని ప్రతి వాగూ, ప్రతి గుహా తెలుసు. చిన్న చిన్న గుంపులుగా వచ్చి దెబ్బతీసి, లోయల్లో మాయమయ్యేవారు. 1929లో ఇటలీ గవర్నర్ బడోలియోతో సంధి మాటలు జరిగినా అవి నిలవలేదు.

1930లో గ్రాజియానీ అనే సేనాని వచ్చాడు. పోరాటం బతికున్నది తుపాకులతో కాదనీ, ప్రజలు పెట్టే రొట్టెతో, చూపే బావితో అనీ అతడు గ్రహించాడు. జావియాలను మూయించాడు. బావులను పూడ్పించాడు. సుమారు లక్ష మంది స్త్రీ పురుషులను, పిల్లలను, మందలతో సహా కొండ దింపి ఎడారి శిబిరాల్లో బంధించాడు. ఈజిప్టు నుంచి సాయం రాకుండా సరిహద్దు పొడవునా సుమారు 270 కిలోమీటర్ల ముళ్లకంచె వేయించాడు. శిబిరాల్లో ఆకలితో, రోగాలతో వేలాది మంది మరణించారు. మందలు చాలావరకు నశించాయి. బావి ఎండితే, పశువును సంతకు తోలాల్సివస్తే ఒక ఇల్లు ఎలా కుంగిపోతుందో మనకు తెలుసు. అక్కడ ఆ పని చేసింది ఆకాశం కాదు, మనుషులు.

1931 సెప్టెంబరు 11, శుక్రవారం. శత్రువులు చుట్టుముట్టిన వేళ గుర్రం కూలిపోగా ఉమర్ ముఖ్తార్ పట్టుబడ్డారు. 15న బెంఘాజీలో విచారణ తంతు జరిగింది. 16న సులూఖ్ శిబిరంలో, బందీలుగా ఉన్న వేలాది మంది కళ్లెదుట, డెబ్బై దాటిన ఆ వృద్ధుణ్ణి ఉరితీశారు. భయపెట్టడానికే వారందరినీ అక్కడ నిలబెట్టారు.

1951 డిసెంబరు 24న లిబియా స్వతంత్రమైంది. ఇద్రీస్ రాజయ్యారు. 1969లో ఆయనను గద్దాఫీ దించాడు. 2011లో గద్దాఫీ పాలనా కూలింది. తర్వాత తూర్పు, పడమరలు రెండు ప్రభుత్వాలుగా చీలాయి. 2023 సెప్టెంబరులో ఆ పచ్చకొండ పాదాన ఉన్న దెర్నా పట్టణం ఎగువన ఆనకట్టలు తెగి వేలాది మంది కొట్టుకుపోయారు. ఇన్ని మార్పుల్లోనూ రెండు పక్షాలవారూ తమవాడని చెప్పుకునే పేరు ఉమర్ ముఖ్తార్‌ది. ఆయన బొమ్మ అక్కడి పది దీనార్ల నోటు మీద కనిపిస్తుంది.

ఆయన రాజు కాదు, ధనికుడు కాదు. పలక పట్టిన పిల్లల ముందు కూర్చున్న ఒక ఉస్తాద్. తమ పిల్లలకు అక్షరం చెప్పిన మనిషి మాటను బర్ఖా ప్రజలు ప్రాణం పోయేదాకా నమ్మారు. బోధించేవారు ఆ నమ్మకానికి తగినట్టు బతకాలి. ఈ మాట మేము ముందుగా మాకే చెప్పుకుంటున్నాము.