కొలిమి దగ్గర ఆగిన రేసు

సైకిల్ మీద ఒక్క రోజులో 326 కిలోమీటర్లు తొక్కాలి. మధ్యలో పెద్ద పెద్ద కొండలు. గేర్లు మార్చే వీలు లేదు. తారు రోడ్డు కొంతే, మిగతాదంతా కంకర, మట్టి. ఏదైనా విరిగితే మీరే బాగు చేసుకోవాలి, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో బయోన్ నుంచి లుషోన్ దాకా సాగిన ఆరో దశ ఇలాంటిదే. ఆ రోజు జులై 9. యూజీన్ క్రిస్టోఫ్ పేరు వందేళ్లు దాటినా వినిపిస్తోందంటే కారణం ఆ ఒక్క రోజు.

ఇంతకీ ఎవరితను? 1885లో పుట్టాడు. పారిస్ పక్కనే ఉన్న మలకాఫ్‌లో పెరిగాడు. సైకిల్ ఎక్కకముందు తాళాల పని నేర్చుకున్నాడు. తాళాలంటే చిన్న పని అనుకోకండి. ఇనుము కాల్చడం, వంచడం, రంధ్రాలు చెయ్యడం అన్నీ అందులోనివే. ఆ తర్వాతే రేసుల్లోకి వచ్చాడు. 1910లో మంచు తుపానులో సాగిన మిలాన్-శాన్‌రెమో రేసు గెలిచాడు. దాదాపు 290 కిలోమీటర్ల ఆ దారిని పూర్తి చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ చలి దెబ్బకు అతను ఆసుపత్రి పాలయ్యాడు కూడా. 1912 టూర్‌లో వరసగా మూడు దశలు గెలిచి, మొత్తమ్మీద రెండో స్థానంలో నిలిచాడు.

కాబట్టి 1913లో అతను గెలుస్తాడని ఆశలు ఉండటం సహజమే. ఆరో దశకు ముందు అతనిది రెండో స్థానం. అతనికంటే ముందున్న ఓడిల్ డెఫ్రే ఆ రోజే రేసు వదిలేశాడు. దారి తెరుచుకున్నట్టే. 2115 మీటర్ల టూర్మలే కనుమ ఎక్కేసి, కిందికి దిగుతున్నాడు. అప్పుడు విరిగింది ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే భాగం. అది పోతే సైకిల్ నడవదు. మరో సైకిల్ తీసుకుందామంటే నిబంధన ఒప్పుకోదు.

మీరైతే ఏం చేసేవారు? అతను సైకిల్ భుజానికెత్తుకుని, పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి నడిచాడు. వెనక ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే దాటి పోతున్నారు. చివరికి సాంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో ఓ కమ్మరి కొలిమి కనిపించింది.

కమ్మరి చెయ్యి వెయ్యకూడదు కదా. అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. పాత పని అక్కరకొచ్చింది ఇక్కడే. ఇనుము కాల్చాడు, సుత్తితో సాగదీశాడు, ఫోర్కు అతికించాడు. దాదాపు మూడు గంటలు పట్టింది. ఒక చోట మాత్రం రెండు చేతులూ సరిపోలేదు. అక్కడున్న చిన్న పిల్లాడు కొలిమి తిత్తి ఊదాడు. అంతే, బయటివాళ్ల సాయం తీసుకున్నాడంటూ పది నిమిషాల జరిమానా పడింది! తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. దాదాపు నాలుగు గంటలు పోగొట్టుకున్నవాడికి ఆ పదైతేనేం, మూడైతేనేం? నిబంధన రాసినవాళ్లకు మాత్రం పెద్ద విషయంలాగే ఉంది.

ఇంకా రెండు కనుమలు మిగిలాయి. సైకిలెక్కి రెండూ దాటి లుషోన్ చేరాడు. ఫిలిప్ టీస్ ఆ రోజూ గెలిచాడు, ఆ టూరూ గెలిచాడు. క్రిస్టోఫ్ పారిస్ దాకా తొక్కి ఏడో స్థానంలో ముగించాడు. చేతిలో ఉన్న పని అతన్ని గెలిపించలేదు, రేసు మాత్రం వదలనివ్వలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో టూర్ మళ్లీ మొదలైంది. అందరికంటే ముందున్న ఆటగాడికి పసుపు జెర్సీ ఇవ్వడం ఆ ఏడాదే, జులై 19న గ్రెనోబుల్‌లో మొదలుపెట్టారు. దాన్ని తొడుక్కున్న మొదటివాడు క్రిస్టోఫే. ఇక మిగిలినవి రెండు దశలు, ఆధిక్యం 28 నిమిషాలు. మెట్జ్ నుంచి డంకర్క్ దాకా 468 కిలోమీటర్ల ఆ దారిలో, వలాన్సియెన్ దగ్గర రాళ్లు పరిచిన రోడ్డు మీద ఫోర్కు మళ్లీ విరిగింది. దగ్గర్లోని వర్క్‌షాపులో మళ్లీ తనే బాగు చేసుకున్నాడు. గంటకు పైగా పోయింది. ఫర్మాన్ లాంబో గెలిచాడు, ఇతనికి మూడో స్థానం. పాఠకులకు మనసొప్పలేదు. టూర్ నడిపే లోటో పత్రిక ద్వారా చందాలు పంపారు. అలా పోగైన మొత్తం గెలిచినవాడి బహుమతి కంటే ఎక్కువే అయింది.

నమ్మలేరుగానీ 1922లో గాలిబియే కనుమ దిగుతుంటే మూడోసారీ విరిగింది. అప్పటికి అతనికి 37 ఏళ్లు. ఆఖరి టూర్ 1925లో, నలభై ఏళ్ల వయసులో. టూర్ ఒక్కసారీ గెలవలేదు. అయినా పెడల్ మీద పాదాన్ని పట్టి ఉంచే క్లిప్పులు, పట్టీలు అతని పేరుతో దశాబ్దాల పాటు అమ్ముడుపోయాయి.

1951లో సాంత్ మరీ ద కాంపాన్‌లో ఆ కొలిమి ఉన్నచోట ఒక ఫలకం పెట్టారు. క్రిస్టోఫ్ స్వయంగా వచ్చి, ఆ రోజు తను చేసిన పనిని మళ్లీ చేసి చూపించాడు. అప్పటికి అతనికి 66 ఏళ్లు. 1970లో పారిస్‌లో కన్నుమూశాడు.