కోళ్ల దొడ్డి నుంచి టీకా వరకు: లూయీ పాశ్చర్ జీవితం

పెరట్లో కోళ్లు పెంచే ఇళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. నిన్నటి వరకు గింజలు ఏరుకు తిన్న పెట్ట ఈరోజు రెక్కలు వాల్చి, ఈకలు ఉబ్బించుకుని, బంతిలా ముడుచుకుని ఒక మూల కునుకుతూ ఉంటుంది. తెల్లవారేసరికి ఒరిగిపోతుంది. దాని వెంట రెండోది, ఆ తర్వాత మూడోది. వారం తిరిగేసరికి గూడు ఖాళీ అవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్ పల్లెల్లోని కోళ్ల దొడ్లను ఈ విధంగా తుడిచిపెట్టిన తెగుళ్లలో ఒకటి కోళ్ల కలరా. ఆ మరణాల జాడ పట్టుకుని వెళ్లిన ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, రోగకారక క్రిమినే బలహీనపరచి రోగానికి అడ్డుగా నిలిపే పద్ధతిని ప్రపంచానికి అందించారు. ఆయనే లూయీ పాశ్చర్. ఆయన వైద్యుడు కారు, పశువైద్యుడూ కారు.

పాశ్చర్ 1822 డిసెంబర్ 27న తూర్పు ఫ్రాన్స్‌లోని దోల్ పట్టణంలో జన్మించారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్లు ఊనే వృత్తితో కుటుంబాన్ని పోషించారు. పాశ్చర్ బాల్యం ఆర్బువా అనే చిన్న ఊరిలో గడిచింది. పారిస్‌లో రసాయన శాస్త్రం అభ్యసించి, ముందుగా స్ఫటికాల నిర్మాణంపై, తర్వాత ద్రాక్షసారా, పాలు వంటివి పులియడంపై పరిశోధనలు చేశారు. పులియడానికి కారణం సూక్ష్మజీవులేననీ, అవి వాటంతటవే పుట్టుకురావనీ ప్రయోగాలతో నిరూపించారు. పదార్థాన్ని మార్చగల సూక్ష్మజీవి ప్రాణి దేహంలో రోగాన్ని కూడా కలిగించగలదా అనే ప్రశ్న అక్కడి నుంచే ఆయనను వెంటాడింది.

ఆ ప్రశ్నకు తొలి సమాధానం పట్టుపురుగుల్లో దొరికింది. 1865లో దక్షిణ ఫ్రాన్స్ పట్టు రైతులు పెబ్రిన్ తెగులుతో దివాలా అంచున ఉన్నారు. పురుగుల ఒంటిపై మిరియపు పొడి చల్లినట్టు నల్లని మచ్చలు కనిపించేవి. తన గురువు జాన్ బాప్టిస్ట్ డ్యుమా కోరిక మేరకు పాశ్చర్ ఆలెస్ పట్టణానికి వెళ్లారు. అప్పటికి ఆయన పట్టుపురుగును చేతితో తాకి ఎరుగరు. ఆ సంవత్సరాలే ఆయన జీవితంలో అత్యంత కఠినమైనవి. పెద్ద కుమార్తె జాన్ అంతకుముందే 1859లో టైఫాయిడ్‌తో మరణించింది. 1865లో తండ్రి, రెండేళ్ల పసిబిడ్డ కమీల్ కొద్ది నెలల తేడాలో కన్నుమూశారు. 1866లో పన్నెండేళ్ల సెసీల్‌ను కూడా టైఫాయిడే తీసుకుపోయింది. 1868 అక్టోబర్‌లో 45 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చి ఆయన ఎడమ వైపు దేహం చచ్చుబడింది. అయినా భార్య మారీ, మిగిలిన కుమార్తె, సహచరుల తోడ్పాటుతో పని సాగించారు.

పురుగుల్లో కనిపించే సూక్ష్మకణాలు తెగులుకు ఫలితమే తప్ప కారణం కాదని ఆయన మొదట భావించారు. రెండేళ్ల పరిశీలన తర్వాత ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ఆ కణాలు పరాన్నజీవి రూపాలు. తల్లి నుంచి గుడ్డులోకి చేరుతాయి. అందుకు ఆయన చూపిన ఉపాయం ఎంతో సులభమైనది. ప్రతి తల్లి చిలుకనూ విడిగా గుడ్లు పెట్టనివ్వాలి. తర్వాత ఆ చిలుకను నీటితో నూరి, సూక్ష్మదర్శినితో పరీక్షించాలి. కణాలు కనిపిస్తే దాని గుడ్లను కాల్చివేయాలి. నేటికీ మన దేశంలోని పట్టుగుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో తల్లి చిలుకల పరీక్ష ఈ సూత్రంపైనే నడుస్తుంది. హిందూపురం పరిసరాల పట్టు రైతుకు ఆరోగ్యకరమైన గుడ్లు అందుతున్నాయంటే, అందులో ఆలెస్ ప్రయోగాల పాలు ఉంది.

కోళ్ల కలరా క్రిమిని మొదట చూసినది పాశ్చర్ కాదు. ఇటలీకి చెందిన పెర్రోంచిటో, ఫ్రాన్స్ పశువైద్యుడు హెన్రీ టూసాన్ ఆయనకంటే ముందే దానిని గుర్తించారు. టూసాన్ పంపిన నమూనాతోనే పాశ్చర్ పని మొదలైంది. ఇతర ద్రవాల్లో సరిగా పెరగని ఆ క్రిమి కోడిమాంసపు రసంలో గంటల వ్యవధిలోనే వృద్ధి చెందడం ఆయన గమనించారు. ఆ రసం కొద్ది చుక్కలు పడిన తిండి తిన్న కోళ్లు మరణించాయి. వాటి రెట్టలో సైతం క్రిమి ఉంది. ఆ రెట్ట పడిన నేలపై గింజలు ఏరుకున్న కోళ్లకు రోగం సోకే దారి అదేనని స్పష్టమైంది. గినీ పందులకు అదే క్రిమిని ఎక్కిస్తే చర్మం కింద చీముగడ్డ లేచేది తప్ప, అవి మామూలుగానే తిని తిరిగేవి. ఆ గడ్డ చితికి కారిన చీము మాత్రం పక్కన మేసే కోళ్లను చంపగలిగేది. ఆరోగ్యంగా కనిపించే ప్రాణి కూడా రోగాన్ని మోయగలదని ఆ విధంగా తేలింది.

1880లో ఫ్రెంచ్ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో ఆయన రైతుకు పనికివచ్చే సూచన కూడా చేశారు. తెగులు కనిపించగానే కోళ్లను కొన్నాళ్లు విడివిడిగా ఉంచాలి. రెట్ట, పెంట ఎత్తివేయాలి. గంధకామ్లం కొద్దిగా కలిపిన నీటిని ధారాళంగా వాడి దొడ్డిని కడగాలి. మందు లేని రోజుల్లో ఆ శుభ్రతే మందు.

ఆ తర్వాతిదే ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన ఘట్టం. చాలాకాలం నిల్వ ఉన్న క్రిమి రసాన్ని ఎక్కించిన కోళ్లు జబ్బుపడి కోలుకున్నాయి. తర్వాత తాజా క్రిమిని ఎక్కించినా చావలేదు. కొత్తగా తెచ్చిన కోళ్లు మాత్రం అదే తాజా క్రిమికి బలి అయ్యాయి. వేసవి సెలవుల్లో మరచిపోయిన సీసా వల్ల అనుకోకుండా ఇది బయటపడిందనే కథ ప్రచారంలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆయన ప్రయోగ పుస్తకాలు అందుబాటులోకి వచ్చాక, వాటిని చదివిన చరిత్రకారులు వేరే సంగతి చెప్పారు. అది ఒక్కరోజు అదృష్టం కాదు, నెలల తరబడి సాగిన శ్రమ. అందులో యువ సహచరుడు ఎమిల్ రూ పాత్ర గణనీయమైనది. గాలి సోకిన రసంలో క్రిమి క్రమేణా బలం కోల్పోతుందనీ, గాలి చొరకుండా మూసిన గొట్టంలో నెలలు గడిచినా దాని తీవ్రత తగ్గదనీ 1880 అక్టోబర్‌లో పాశ్చర్ ప్రకటించారు.

ఆ కీర్తికి నీడలు లేకపోలేదు. క్రిమిని బలహీనపరచే పద్ధతిని ఆయన నెలల పాటు వెల్లడించలేదు. వైద్య అకాడమీలో వాగ్వాదం ముదిరి, సుమారు ఎనభై ఏళ్ల శస్త్రవైద్యుడు జూల్ గెరాన్ ఆయనను ద్వంద్వయుద్ధానికి పిలిచే వరకు వెళ్లింది. 1881లో పుయ్యీ ల ఫోర్ గ్రామంలో దొమ్మరోగం టీకాను బహిరంగంగా ప్రయోగించినప్పుడు, టీకా వేసిన గొర్రెలు నిలిచాయి, వేయనివి కూలిపోయాయి. ఆ టీకాను రసాయనంతో సిద్ధం చేసినది షాంబర్లాన్. ఆ పద్ధతి టూసాన్ మార్గానికి దగ్గరైనదని పాశ్చర్ లోకానికి చెప్పలేదు. టూసాన్ 1890లో 43 ఏళ్లకే మరణించారు. ఆయనకు దక్కవలసిన గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది.

1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌ను తల్లి పాశ్చర్ వద్దకు తీసుకువచ్చింది. కోళ్ల దొడ్డిలో నేర్చిన సూత్రమే ఆ బాలుడికి 13 సూదుల రూపంలో అందింది. బాలుడు బతికాడు. టైఫాయిడ్‌కు ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకున్న ఆ తండ్రి చేతుల మీదుగా, పరాయి తల్లి బిడ్డ ఇల్లు చేరాడు. 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమైంది. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కుక్కకాటు చికిత్సకు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల వారు కొండ ఎక్కి కూనూరు వెళ్లిన రోజులున్నాయి.

మన పెరటి కోళ్లకు ఎక్కువ ముప్పు తెచ్చేది కొక్కెర తెగులు. దీనినే రాణీఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. ముక్తేశ్వర్ పశు పరిశోధన కేంద్రంలో ఆ వైరస్‌ను కోడిగుడ్డు పిండాల్లో పదేపదే పెంచి బలహీనపరచి టీకా తయారు చేశారు. పాశ్చర్ సూత్రానికి ఇది భారతీయ కొనసాగింపు. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి సూది వేయించడం నేడు సాధారణ పద్ధతి.

అయితే టీకాతో తీరని బాధలూ ఉన్నాయి. ఏలికపాముల గుడ్లు రెట్టతో నేలకు చేరి నెలల తరబడి బతికి ఉంటాయి. రక్త విరేచనాలు కలిగించే కాక్సిడియా తడిసిన పొట్టులో బలపడుతుంది. గోమార్లు పగలు గూటి చెక్కల సందుల్లో దాగి, రాత్రివేళ రక్తం పీలుస్తాయి. వీటికి పాశ్చర్ చూపిన మొదటి దారే శరణ్యం. రెట్ట ఎప్పటికప్పుడు ఎత్తివేయాలి, నేల పొడిగా ఉంచాలి, సందులకు సున్నం పట్టించాలి. సంత నుంచి తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. చచ్చిన కోడిని పారేయక లోతుగా పాతిపెట్టాలి. పశువైద్యుని సలహాతో నట్టల మందు తాగించాలి. గూడు ఒక్కసారి ఖాళీ అయితే ఆ ఇంటి ఇల్లాలికి గుడ్ల మీద వచ్చే చేతి ఖర్చులు, పిల్లల పళ్లెంలో గుడ్డు ఒకేసారి ఆగిపోతాయి.

పాశ్చర్ 1895 సెప్టెంబర్ 28న పారిస్ సమీపంలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన భౌతికకాయాన్ని పాశ్చర్ సంస్థలోని సమాధి మందిరానికి చేర్చారు. ఆ మందిరపు గోడలను, కప్పును రంగురాళ్ల చిత్రాలతో అలంకరించారు. వాటిలో ద్రాక్షతీగలు, మల్బరీ ఆకులు, పట్టుపురుగులు, గొర్రెలు ఉన్నాయి. వాటి నడుమ పుంజులు, పెట్టలు కూడా ఉన్నాయి.