అన్నమయ్య సైట్‌కి మెనూ కడదాం

వెబ్ డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టారా? అయితే మీ తొలి ప్రాజెక్టు ఏమిటో చెప్పనక్కర్లేదు. నాలుగు పేజీల సైట్, పైన ఒక నావిగేషన్ బార్. హోమ్, గ్యాలరీ, కాంటాక్ట్ అని లింకులు పెట్టేసి అయిపోయిందనుకుంటాం. తిరుపతి, చిత్తూరు పిల్లలు ఈసారి దాన్ని అన్నమయ్య మీద చేసి చూడండి. బార్‌లో ఏముండాలో ఆయన కథే చెబుతుంది.

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టారు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. చిన్నవయసులోనే ఇల్లు వదిలి తిరుమల కొండెక్కారు. పదహారో ఏట మొదలైన పాట 1503లో కన్నుమూసేదాకా ఆగలేదు. సాళువ నరసింహరాయలు ఆయన్ని ఆదరించాడు. కానీ తన మీదా ఒక పదం చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోలేదు, సంకెళ్లు పడ్డాయి. మనవడు చిన్నన్న రాసిన చరిత్రలోని కథ ఇది. తాత చెప్పిన సంకీర్తనలు 32 వేలని లెక్క చెప్పిందీ ఆయనే.

అన్ని పాటల్లో మనకు కావాల్సింది దొరికేదెలా? కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఈ పాటలు ఎవరివి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చెప్పినవి, ఎవరికి అంకితం, ఏ రకానివి అన్న వివరం మొదటి రేకులోనే ఉంటుంది. మన లెక్కలో హోమ్ పేజీ అన్నమాట. అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. అచ్చు సంపుటాల్లో ఇప్పటికీ పాటతోపాటు రేకు నంబరు, అందులో అది ఎన్నో పాటో ఇస్తారు. 32 వేలలో సగం కూడా మనకు దక్కలేదు. దక్కినవాటికి మాత్రం చిరునామా ఉంది.

ఒక్కటి తప్ప. ప్రతి పాటకీ రాగం పేరు చెక్కారు, బాణీ చెక్కలేదు. ఆ రోజుల్లో పాడేవాళ్లకు అదే చాలు మరి. పాడే పరంపర తెగిపోయాక పేరు మిగిలింది, పాట నడక పోయింది. లింకు కనిపిస్తుంది, నొక్కితే పేజీ రాదు!

యాంకర్ ట్యాగ్‌లో మీరు రాసేవీ ఈ రెండే. కనిపించే పేరు, హెచ్‌రెఫ్‌లో చిరునామా. బార్‌ని నావ్ ట్యాగ్‌లో పెట్టి జీవితం, అధ్యాత్మం, శృంగారం, రాగాలు అని నాలుగు లింకులివ్వండి. అన్ని పేజీల్లోనూ అదే వరుస ఉండాలి. ఫైల్ పేర్లు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో పెట్టండి. మీ విండోస్ కంప్యూటర్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపు ఉండదు కాబట్టి అన్నీ తెరుచుకుంటాయి. లైనెక్స్ సర్వర్‌లో పెట్టగానే 404 వస్తుంది. చాలామంది తొలి సైట్ ఇక్కడే తన్నేస్తుంది. అందుకే అప్‌లోడ్ చేశాక ప్రతి పేజీ నుంచీ ప్రతి లింకునూ ఫోన్‌లో నొక్కి చూడండి.

రాగాల పేజీలో ఆడియో పెడితే బాణీ ఎవరిదో రాయడం మరవొద్దు. ఇవాళ రేవతి రాగంలో మనం వింటున్న ‘నానాటి బతుకు’ బాణీ అన్నమయ్యది కాదు, నేదునూరి కృష్ణమూర్తిగారిది.